పడవలో మంచినీళ్ల పంపు: మూడు వారాల నా అనుభవం

పడవ లంగరు మీద ఉన్నప్పుడు రాత్రిపూట ప్రతి చప్పుడూ వినిపిస్తుంది. గొలుసు రాళ్ల మీద ఈడ్చుకోవడం, తాళ్లు కిర్రుమనడం, అడుగున నీళ్లు తట్టుకోవడం. ఇవన్నీ అలవాటైనవే కాబట్టి నిద్ర చెడదు. కొత్త చప్పుడు ఒక్కటి వస్తే మాత్రం ఎంత గాఢ నిద్రలో ఉన్నా మెలకువ వచ్చేస్తుంది. ఆ రాత్రి నాకు మెలకువ తెప్పించింది "టక్, బర్ర్, టక్" అనే చప్పుడు. రెండు సెకన్లు కూడా లేదు. మంచినీళ్ల పంపు తనంతట తానే తిరిగి ఆగింది. కుళాయి ఎవరూ తిప్పలేదు.

"ఏమండీ, మళ్లీ మోగింది. ఇందాకటి నుంచి లెక్కపెడుతున్నాను, ఇది అయిదోసారి" అంది మా ఆవిడ చీకట్లోంచే.

ఆవిడ లేచి టార్చి వేసి, ఒక కాగితం మీద టైము రాసిపెట్టింది. తెల్లారేదాకా మెలకువ వచ్చినప్పుడల్లా రాస్తూనే ఉంది. రెండు మోతల మధ్య ఇంచుమించు పది నిమిషాలు. ఆ కాగితం తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. నేను వాడిన మీటరూ స్పానర్లూ ఒక ఎత్తు, ఆ కాగితం ఒక ఎత్తు.

మా పడవలో ఉన్నది మామూలు ఏర్పాటే. అడుగున 200 లీటర్ల ట్యాంకు. దాన్నుంచి ఒక గొట్టం, గొట్టానికి పారదర్శకమైన చిన్న గిన్నె ఉన్న జల్లెడ ఫిల్టరు, ఆ తర్వాత 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు, అంటే లోపలి రబ్బరు పొర కదులుతూ నీళ్లను తోసే పంపు. పంపు దాటాక పైపు రెండుగా చీలుతుంది. ఒకటి చన్నీళ్లను వంటగది సింకుకీ బాత్రూముకీ తీసుకెళ్తుంది. రెండోది 25 లీటర్ల వేడినీళ్ల ట్యాంకులోకి పోతుంది. ఇంజను నడిచినప్పుడు వేడెక్కిన కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఆ ట్యాంకులోని చుట్ట గుండా తిరిగి నీళ్లను కాస్తుంది. పంపు తల మీద ప్రెషర్ స్విచ్ ఉంది. కుళాయి తిప్పితే పైపులో ఒత్తిడి పడిపోతుంది, 25 పీఎస్ఐకి (పీఎస్ఐ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దిగగానే స్విచ్ మోటారును ఆన్ చేస్తుంది. కుళాయి కట్టేస్తే ఒత్తిడి పెరిగి 40 దగ్గర ఆఫ్ చేస్తుంది.

కాబట్టి కుళాయిలన్నీ కట్టి ఉండగా పంపు తిరిగిందంటే ఒత్తిడి ఎక్కడికో పోతోందన్నమాట. నాకు తోచినవి రెండే దారులు. పంపు తర్వాత ఎక్కడో నీళ్లు కారుతూ ఉండాలి, లేదా పంపు లోపలి వాల్వు సరిగా మూసుకోక నీళ్లు వెనక్కి ట్యాంకులోకి జారుతూ ఉండాలి.

పొద్దున్నే నేలపలకలు తీసి చూస్తే పడవ అడుగున రెండంగుళాల నీళ్లున్నాయి. పడవలో ఉండేవాళ్లకు ఇది చూడగానే ముందు కలిగేది భయమే. ఆ నీళ్లు సముద్రానివా, మన ట్యాంకువా? సముద్రానివైతే పంపు గొడవ పక్కన పెట్టి, నీళ్లు లోపలికి వచ్చే దారి వెతకాలి. అడుగున పడి ఉన్న నీళ్లను నోట్లో పెట్టుకోవడం నాకిష్టం లేదు. ఒక గ్లాసులోకి తోడి సబ్బు కలిపాను. ఉప్పునీళ్లలో సబ్బు నురగ సరిగా రాదు, విరిగినట్టయి తేలిపోతుంది. గ్లాసు నిండా నురగ వచ్చింది. మంచినీళ్లే. పడవకు ఏమీ కాలేదని గుండె కుదుటపడింది కానీ, తాగే నీళ్లు ఇలా పోతున్నాయే అని బాధ మొదలైంది.

అక్కడ నేనొక తప్పు చేశాను. అడుగున మంచినీళ్లు కళ్లెదుట కనపడుతుంటే, అవి కారుడు వల్లే వచ్చాయని ఒప్పుకోవాలి కదా. నాకేమో పంపు మీదే అనుమానం. అది పెట్టి చాలా ఏళ్లయింది, అడుగున నీళ్లు పాతవేమో, వాల్వు రబ్బరు పోయి ఉంటుంది అని తీర్మానించేసుకున్నాను. పెట్టెలో కొత్త స్పేర్ పంపు ఉంది. పాతది విప్పడం, కొత్తది బిగించడం గంట పని. చేతిలో స్పేర్ ఉంటే ఆలోచన ముందుకు సాగదు, చేతులు స్పానర్ మీదికి పోతాయి. వైర్లు లాగాను, గొట్టాలు ఊడదీశాను, పనిలో పనిగా జల్లెడ ఫిల్టరు గిన్నె కూడా విప్పి కడిగి మళ్లీ బిగించాను. ఈ మూడు పనులూ గుర్తు పెట్టుకోండి. తర్వాతి రెండు వారాల కష్టమూ వీటిలోంచే వచ్చింది.

ఆ రాత్రి మళ్లీ "టక్, బర్ర్, టక్". మా ఆవిడ మళ్లీ రాసింది. పది నిమిషాలు, తొమ్మిది, పది. కొత్త పంపుతోనూ సరిగ్గా అదే లెక్క. పంపు లోపలి వాల్వే కారణమైతే, పంపు మార్చాక ఆ వ్యవధి ఎంతో కొంత మారి తీరాలి. మారలేదంటే పంపుకు దీంతో సంబంధం లేదు. కాగితం ముందు పెట్టుకుని చూస్తే ఇంత తేలికైన సంగతి ముందురోజు ఎందుకు తట్టలేదా అనిపించింది.

సరే, కారుడు ఎంత ఉందో లెక్క వేశాను. పంపు మీద నిమిషానికి 11 లీటర్లని రాసి ఉంది. అది ఒత్తిడి లేనప్పటి మాట. 40 పీఎస్ఐకి దగ్గరపడుతుంటే అందులో సగం వస్తుందనుకోండి. అంటే సెకనుకు 100 మిల్లీలీటర్ల లోపే. పది నిమిషాలకోసారి ఒక సెకను తిరిగితే గంటకు అరలీటరు పైన, రోజుకు 13, 14 లీటర్లు. మేమిద్దరం రోజూ తాగి, వండుకుని, మొహాలు కడుక్కునే నీళ్లకు దగ్గర దగ్గరగా అన్ని నీళ్లు మా కళ్లు కప్పి పోతున్నాయి. ఇంత నీరు కారుతుంటే తడి కనపడకుండా ఉండదు. కనపడలేదంటే మేం చూడని చోట కారుతోందన్నమాట.

ఈసారి ఏదీ విప్పదల్చుకోలేదు. ముందు ఏ వైపో తేల్చాలి. వేడినీళ్ల ట్యాంకు లోపలికి పోయే పైపు మీద ఒక వాల్వు ఉంది. రాత్రి పడుకునే ముందు దాన్ని కట్టేశాను. చన్నీళ్ల వైపు మాత్రమే ఒత్తిడి మీద ఉంది. ఆ రాత్రంతా పంపు ఒక్కసారి కూడా మోగలేదు. పంపు, దాని వాల్వు, చన్నీళ్ల పైపులు, రెండు కుళాయిల చన్నీళ్ల భాగాలు అన్నీ ఒక్క దెబ్బతో అనుమానంలోంచి బయటపడ్డాయి. ఒక వాల్వు కట్టి నిద్రపోవడం తప్ప నేను చేసిందేమీ లేదు.

మర్నాడు వాల్వు తెరిచి, వేడినీళ్ల వైపు ఉన్న ప్రతి జాయింటు కిందా పొడి టిష్యూ కాగితం ముక్క ఒకటి పరిచాను. వేలితో తడిమితే చల్లటి లోహం పొడిగా ఉన్నా తడిగా ఉన్నట్టే తోస్తుంది. టిష్యూ అబద్ధం చెప్పదు. ఒక్క చుక్క పడ్డా మధ్యలో గుండ్రటి మచ్చ ఏర్పడి ఆరాక కూడా ముడతగా ఉండిపోతుంది. రెండు గంటల తర్వాత చూస్తే అన్నీ పొడిగానే ఉన్నాయి. ఇక వెతకడానికి చోటేది అనుకుంటుంటే మా ఆవిడ అడిగింది: "ట్యాంకు పక్కనుంచి ఆ సన్న గొట్టం ఎక్కడికి పోతోంది?"

అది సేఫ్టీ వాల్వు గొట్టం. వేడినీళ్ల ట్యాంకుకు 75 పీఎస్ఐ దగ్గర తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఒకటుంది. దాని గొట్టం చివర ఇంజను దిమ్మె వెనకకు దూరి ఉంది. మనిషి తల పట్టని సందు. అద్దం పెట్టి, టార్చి వేసి చూశాను. గొట్టం అంచున ఒక చుక్క ఉబ్బుతోంది. బరువెక్కింది, సాగింది, రాలింది. వెంటనే ఇంకొకటి మొదలైంది. అడుగున ఆ చుక్కలు పడేచోట పెయింటు మీద తెల్లటి సున్నపు గీత కట్టి ఉంది. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదని ఆ గీతే చెబుతోంది. నెలల నాటిది. మొదట్లో బాగా సన్నగా ఉండి పంపు ఏ గంటకోసారో మోగి ఉంటుంది, పగటి సందడిలో మాకు వినపడలేదు.

ఆ వాల్వు ఎందుకు చెడిందో అర్థం చేసుకుంటేనే మళ్లీ చెడకుండా చూసుకోగలం. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 20 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు కాగితే రెండు శాతం పెరుగుతాయి. 25 లీటర్ల ట్యాంకులో అది అర లీటరు. వేడినీళ్లు చన్నీళ్ల పైపులోకి వెనక్కి రాకుండా ట్యాంకు ముందు నాన్ రిటర్న్ వాల్వు ఉంటుంది కాబట్టి, పెరిగిన ఆ అర లీటరుకు చోటు లేదు. ఒత్తిడి పెరిగి పెరిగి సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. ఇంజను నడిచిన ప్రతిసారీ ఇదే. ప్రతిసారీ కాస్త సున్నం దాని సీటు మీద, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు మీద, పేరుకుంటుంది. ఒకరోజు వాల్వు పూర్తిగా మూసుకోదు. అంతే, కారుడు మొదలు.

వాల్వు మీటను పైకెత్తి రెండు మూడుసార్లు నీళ్లు దూకించి చూశాను. కొన్నిసార్లు సీటు మీద చెత్త కొట్టుకుపోయి వాల్వు బాగవుతుంది. మాది కాలేదు. అదే ఒత్తిడికి తగిన కొత్త వాల్వు పెట్టాను. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కారుతోంది కదా అని ఆ గొట్టానికి బిరడా కొట్టకూడదు, క్లిప్పు వేసి నొక్కకూడదు. ఆ వాల్వు మూసుకుపోయిన వేడినీళ్ల ట్యాంకు పగిలితే పక్కనున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. పెరిగే నీళ్లకు చోటు ఇవ్వడానికి వేడినీళ్ల పైపు మీద రెండు లీటర్ల చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కూడా బిగించాను. దాని లోపల రబ్బరు తిత్తి, తిత్తి వెనక గాలి ఉంటాయి. పైపుల్లో ఒత్తిడి లేనప్పుడు సైకిలు పంపుతో 23 పీఎస్ఐ గాలి కొట్టాను, అంటే పంపు ఆన్ అయ్యే ఒత్తిడికి కాస్త తక్కువ.

పంపు పక్కన ఇలాంటి ట్యాంకునే పెట్టుకుంటే మోత తగ్గిపోతుందని చాలామంది చెబుతారు. నిజమే. దాన్నే అక్యుములేటర్ అంటారు. కానీ కారుడు కనిపెట్టక ముందే అది పెట్టి ఉంటే పది నిమిషాల మోత ఏ గంటకోసారో వినిపించేది. మేం హాయిగా నిద్రపోయేవాళ్లం, నీళ్లు మాత్రం అలాగే పోతుండేవి. మోత ఆపుకోవడం వేరు, కారుడు ఆపుకోవడం వేరు. ముందు రెండోది అయ్యాకే మొదటిదాని జోలికి పోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంతటితో అయిపోయిందనుకున్నాం. నాలుగు రోజులు గడిచాయి.

అయిదో రోజు సింకులో గిన్నెలు కడిగి కుళాయి కట్టేశాం. పంపు ఆగలేదు. సన్నగా మూలుగుతున్నట్టు తిరుగుతూనే ఉంది. "దీని గొంతు మారిందండీ, ఇది మామూలుగా ఇలా మోగదు" అంది మా ఆవిడ. పది నిమిషాలకు దానంతటదే ఆగిపోయింది. చెయ్యి పెడితే మోటారు కాలుతోంది. కుళాయి తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. ఫ్యూజు చూశాను, బాగుంది. అరగంట తర్వాత కుళాయి తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలైంది. మోటారు మరీ వేడెక్కితే ఆపేసే రక్షణ దాని లోపలే ఉంటుంది. చల్లారాక అదే కలుపుతుంది. అది తెలియకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది.

కొత్త పంపు, పెట్టి రెండు వారాలు కూడా కాలేదు. 40 పీఎస్ఐ దాకా ఒత్తిడి తేలేకపోతోంది కాబట్టి స్విచ్ ఆపడం లేదు. ఇక్కడ ఇంకో తొందరపాటు పని చేశాను. ప్రెషర్ స్విచ్ మీది స్క్రూ అర చుట్టు వదులు చేశాను, తక్కువ ఒత్తిడికే ఆగుతుందని. ఆగింది. కానీ కుళాయిలో నీళ్లు బలం లేకుండా పడ్డాయి. రోగం అలాగే ఉండగా థర్మామీటరును సర్దినట్టయింది. స్క్రూను తిరిగి యథాస్థానానికి తిప్పేసి మల్టీమీటరు తీశాను.

బ్యాటరీ దగ్గర 12.7 వోల్టులు. పంపు ఆగి ఉండగా పంపు వైర్ల దగ్గర 12.6. మీటరు ఇలా చూపిస్తే కరెంటుకు లోటు లేదనుకుని ముందుకు పోతాం. చాలామంది ఇక్కడే మోసపోతారు. కరెంటు పారనప్పుడు పాడైపోయిన వైరు కూడా పూర్తి వోల్టేజే చూపిస్తుంది. కుళాయి తెరిచి, పంపు తిరుగుతుండగా కొలిచాను. 10.3.

ఆ రెండున్నర వోల్టులు ఎక్కడ పోతున్నాయి? పొడవాటి వైరు ఒకటి తీసుకుని మీటరుకు కలిపాను. పంపు తిరుగుతుండగా బ్యాటరీ పాజిటివ్‌కూ పంపు పాజిటివ్‌కూ మధ్య కొలిస్తే 0.3. ఫర్వాలేదు. బ్యాటరీ నెగటివ్‌కూ పంపు నెగటివ్‌కూ మధ్య కొలిస్తే దాదాపు 2 వోల్టులు. ఒకే వైరు రెండు చివరల మధ్య అంత తేడా ఉండకూడదు. నెగటివ్ వైరులో ఎక్కడో అడ్డుంది. అందరి చూపూ ఎప్పుడూ ఫ్యూజు ఉన్న పాజిటివ్ వైపే ఉంటుంది. నల్ల వైరును ఎవరూ పట్టించుకోరు.

వైరు పట్టుకుని వెనక్కి వెళ్లాను. పడవ అడుగున, నేలపలకల కింద, మొన్న మంచినీళ్లు నిలిచిన చోటే ఒక జాయింటు ఉంది. నొక్కి బిగించిన కనెక్టరు. బయటికి బాగానే ఉంది. కాస్త లాగితే ఊడి చేతిలోకి వచ్చింది. లోపల రాగి ఆకుపచ్చ పొడిగా మారింది. చిలుము. తీగపోగుల్లో సగం విరిగిపోయి ఉన్నాయి. వైరు పై తొడుగు కోస్తూ పోయాను, మెరిసే రాగి కనపడుతుందేమోనని. రెండంగుళాలు కోశాను, నలుపే. నాలుగంగుళాలు, నలుపే. తడి తీగపోగుల సందుల్లోంచి పాకిపోయింది. జానెడు దాటాక గానీ అసలు రంగు రాలేదు.

అప్పుడు నాకు కథ మొత్తం అర్థమైంది. నెలల తరబడి సేఫ్టీ వాల్వు కార్చిన నీళ్లు అడుగున చేరి ఈ జాయింటును నానబెట్టాయి. చిలుము పట్టినా ఎలాగో పట్టుకుని ఉంది. పంపు మార్చేటప్పుడు నేను వైరు లాగాను కదా, అప్పుడు సగం పోగులు తెగాయి. మొదటి కారుడే రెండో రోగాన్ని కన్నది, నా తొందర దాన్ని పెంచింది.

ముక్క అతికించి వదిలేయలేదు. బ్రేకరు ఆపి, మొత్తం వైరు తీసేసి, తగరం పూత పూసిన రాగి తీగ, అదీ ముందున్నదానికంటే ఒక సైజు లావుది వేశాను. జాయింట్లు నీళ్లు చేరే ఎత్తుకు బాగా పైన పెట్టి, వేడి చేస్తే ముడుచుకుని జిగురు కారే తొడుగు వేశాను. ఫ్యూజు మాత్రం పంపు తయారీదారు చెప్పినదే ఉంచాను. పంపు ఇబ్బంది పడుతోందని ఫ్యూజు పెంచితే రేపు వైరే ఫ్యూజవుతుంది. ఇప్పుడు పంపు తిరుగుతుండగా 12.2 వోల్టులు. కుళాయి కట్టగానే రెండు సెకన్లలో టక్కున ఆగింది. మా ఆవిడ విని తల ఊపింది. ఆ గొంతు ఆవిడకు తెలుసు.

మూడో వారం మరోటి. కుళాయి తిప్పితే నీళ్లు తుంపర్లుగా, దగ్గుతున్నట్టు పడుతున్నాయి. కాసేపు ధార, కాసేపు గాలి. ఒక్కోసారి పంపు ఖాళీగా తిరుగుతూ నీళ్లందుకోవడానికి అర నిమిషం పడుతోంది. ట్యాంకులో చూస్తే మూడో వంతు నీళ్లున్నాయి. ట్యాంకు నింపాం. రోగం మాయమైంది. నాలుగైదు రోజులకు మళ్లీ వచ్చింది. "నిండుగా ఉంటే బాగానే ఉంటోంది, సగానికి దిగాకే దగ్గు మొదలవుతోంది" అని మా ఆవిడ అన్నాక ఈసారి నేను తొందరపడలేదు.

పంపు తర్వాత చిల్లు ఉంటే నీళ్లు బయటికి వస్తాయి. పంపుకు ముందు, అంటే నీళ్లు పీల్చుకునే వైపు చిల్లు ఉంటే గాలి లోపలికి పోతుంది. బయటికి చుక్క కూడా కనపడకపోవచ్చు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం పంపుకు పైన ఉంటుంది, నీళ్లు వాటంతటవే పంపు దాకా వస్తాయి. మట్టం దిగాక పంపు గట్టిగా పీల్చాలి. అప్పుడు నీళ్లకంటే గాలి తేలిగ్గా దొరుకుతుంది. సగం ట్యాంకు దగ్గర మొదలయ్యే దగ్గుకు అర్థం అదే.

రెండు నిమిషాల్లో తేలే పరీక్షలు ముందు చేశాను. ట్యాంకు గాలిగొట్టం మూసుకుపోయిందేమోనని డెక్కు మీది నీళ్లు పోసే మూత తెరిచి పంపు నడిపాను. తేడా రాలేదు, గాలిగొట్టం బాగానే ఉంది. తర్వాత పంపు లోపలికి వచ్చే గొట్టం ఊడదీసి, పారదర్శకమైన చిన్న గొట్టం ముక్క తగిలించి, బకెట్ నీళ్లలో ముంచాను. పంపు క్షణంలో నీళ్లందుకుంది. కుళాయి నుంచి ధార కొరడాలా వచ్చింది, ఒక్క బుడగ లేదు. పంపు మళ్లీ నిర్దోషి. తప్పు బకెట్‌కు ముందు, ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న గజం దూరంలోనే ఉంది.

ఈసారి అదే పారదర్శక గొట్టాన్ని ఫిల్టరుకూ పంపుకూ మధ్య పెట్టి నడిపాను. బుడగలు గొలుసు కట్టి పోతున్నాయి. తర్వాత దాన్నే ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్య పెట్టాను. అద్దంలా స్వచ్ఛమైన నీళ్లు. అంటే గాలి ఫిల్టరు దగ్గరే దూరుతోంది.

గిన్నె విప్పాను. లోపల నల్లటి ఓ-రింగ్, అంటే సందులోంచి నీళ్లూ గాలీ పోకుండా ఆపే రబ్బరు వలయం. చూపుకు ఏమీ లేదు. వెలుతురులో పెట్టి రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పాను. ఒకచోట గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా నలిగి ఉంది, దాని మీద వెంట్రుకంత గాటు. గాటులో ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుని ఉంది. పంపు మార్చిన రోజు ఫిల్టరు కడిగి బిగించింది నేనే. గాడి తుడవలేదు, రింగు సరిగా కూర్చుందో లేదో చూడలేదు, కారకూడదని బలంకొద్దీ బిగించాను. ఆ బిగింపే దాన్ని కోసేసింది. ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో గిన్నె కడుపు చెమ్మగా ఉండడం నేను చూశాను కూడా. చల్లదనానికి పట్టిన చెమటలే అనుకున్నాను. టిష్యూ కాగితాలన్నీ పంపు తర్వాతే పరిచాను, ముందు ఒక్కటీ పెట్టలేదు.

గాడిని మెత్తటి గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు తాగునీటి పరికరాలకు వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, చేత్తో మాత్రమే బిగించాను. గొట్టం క్లిప్పులు రెండూ కొత్తవి వేశాను. ఒక పాత క్లిప్పు కింద గొట్టం గట్టిపడి, గాడి పడి ఉంది. ఆ చివర అంగుళం కోసేసి మెత్తటి చోట ఎక్కించాను. ట్యాంకులో మూడో వంతు నీళ్లతోనే నడిపి చూశాం. దగ్గు లేదు.

ఇన్ని గొట్టాలు ఊడదీసి పెట్టాం కాబట్టి చివర్లో ట్యాంకూ పైపులూ శుద్ధి చేశాం. సువాసనలు కలపని మామూలు బ్లీచు, 5 శాతంది, లీటరు నీళ్లకు 1 మిల్లీలీటరు చొప్పున ట్యాంకులో కలిపి, ప్రతి కుళాయిలోనూ వాసన తగిలేదాకా వదిలి, రాత్రంతా ఉంచాం. పొద్దున మొత్తం తోడేసి, వాసన పోయేదాకా రెండుసార్లు మంచినీళ్లతో నింపి ఖాళీ చేశాం.

పాత పంపును పారేయలేదు. బ్యాటరీకి తగిలించి బకెట్ నీళ్లతో పరీక్షించాను. రెండో చివర కుళాయి కట్టేస్తే టక్కున ఆగింది, గంట సేపు ఒక్కసారి కూడా తిరగలేదు. లోపల ఎలా ఉందో చూద్దామని తల మీది స్క్రూలు విప్పాను. డయాఫ్రమ్ మీద చిరుగు లేదు, వాల్వుల రబ్బరు రేకులు మెత్తగా, చదునుగా ఉన్నాయి. డయాఫ్రమ్ చిరిగి ఉంటే తలకూ మోటారుకూ మధ్యలోంచి నీళ్లు కారేవి, ఆ జాడా లేదు. దాన్ని తుడిచి, ఆరబెట్టి, స్పేర్ పెట్టెలో పెట్టాను. పెట్టె మీద "బాగుంది, పరీక్షించాం" అని మా ఆవిడ తారీఖుతో సహా రాసింది.

మొన్న సాయంత్రం మూడు గంటలు ఇంజను నడిపి ఒక కొత్త చోట లంగరు వేశాం. అర్ధరాత్రి "టక్, బర్ర్, టక్". నా గుండె ఝల్లుమంది. లేచి టార్చి పట్టుకుని టిష్యూలు, వాల్వు గొట్టం, గిన్నె అన్నీ చూశాను. అంతటా పొడి. కాసేపటికి మళ్లీ మోగింది. అప్పుడు తట్టింది. ఇంజను వేడికి 75 డిగ్రీలకు కాగిన ట్యాంకు రాత్రంతా చల్లారుతుంది. 40కి దిగేసరికి 25 లీటర్ల నీళ్లు నాలుగు వందల మిల్లీలీటర్ల పైనే సంకోచిస్తాయి. పైపులో ఒత్తిడి పడిపోయి, ఆ చోటు నింపడానికి పంపు మధ్యమధ్య తిరుగుతుంది. మొదటి రోజు నేను రెండే దారులనుకున్నాను. కారుడు లేకుండా మోగే మూడో దారి ఇది.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ కళ్లు తెరవకుండానే.

"ఏం లేదు, ట్యాంకు చల్లారుతోంది."

ఆవిడ కాగితం అందుకుని టైము రాసింది. మధ్యలో ఇంకోసారి మోగింది, అదీ రాసింది. అంతా కలిపి మూడు గీతలు. తెల్లారేదాకా నాలుగోది రాలేదు.